చాప చుట్టేశాక ఏమైంది?

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడి కిటకిటలాడిపోతుంది. నాగులేరు ఒడ్డున వీర్లగుడి దగ్గర ఐదు రోజుల వీరుల తిరునాళ్ల. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... రోజుకో పేరు, రోజుకో ఘట్టం. మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు నుంచే కాదు, ఎక్కడెక్కడి నుంచో వీరాచారం పాటించే కుటుంబాలు తమ వీరుల ఆయుధాలు పట్టుకుని వస్తాయి. మూడో రోజు మందపోరు. ఆ రోజే చాపకూడు. నీదే కులం అని అడక్కుండా అందరూ పక్కపక్కనే కూర్చుని తింటారు. ఫోన్లు బయటికొస్తాయి. ఫొటోలు స్టేటస్‌ల్లోకి, వీడియోలు రీల్స్‌లోకి వెళ్లిపోతాయి. పల్నాటోళ్లకి అదొక గర్వం.

గర్వపడాల్సిందే. కానీ ఒక చిన్న డౌటు. ఎనిమిది వందల ఏళ్ల కిందటే మన దగ్గర అందరూ ఒకే చాప మీద కూర్చుని తింటే, మన తాతల కాలానికి టీకొట్టు దగ్గర రెండు రకాల గ్లాసులు ఎందుకున్నాయి?

బ్రహ్మనాయుడి చాప

కథ మనందరికీ తెలిసిందే. 12వ శతాబ్దం. పలనాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని పెద్దకొడుకులా చూసుకున్నాడు, సేనాపతిని చేశాడు. తర్వాత నాయకురాలు నాగమ్మతో వైరం, కోడిపందెం, మాచర్ల వాళ్లకి వనవాసం, చివరికి కారంపూడి యుద్ధం. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది పండితులు తేల్చుకుంటారు. మనకి కావాల్సింది ఒకటే. కలిసి తినడం అనేది ఇక్కడి జనం ఎన్నో తరాలుగా చెప్పుకుంటూ వచ్చిన గొప్ప విషయం.

గొప్ప విషయంగా చెప్పుకున్నారంటేనే అర్థం చేసుకోవచ్చు. మామూలు రోజుల్లో అది జరిగేది కాదు. యుద్ధం ముగిసింది, వీరులు దేవుళ్లయ్యారు, చాప చుట్టేసి గుళ్లో పెట్టారు. ఏడాదికోసారి తీస్తారు. మిగతా రోజుల్లో ఆ తేడా చాప కింద నీరులా అలాగే ఉండిపోయింది.

ఊరు వేరు, పల్లె వేరు

అమెరికాలో నల్లజాతి వాళ్లకి వేరే బస్సు సీట్లు, వేరే బడులు, వేరే నల్లాలు ఉండేవని సినిమాల్లో చూసి అయ్యో అనుకుంటాం. మన దగ్గర దానికి బోర్డులు అక్కర్లేదు. ఊరి నక్షా చూస్తే చాలు. మధ్యలో ఊరు, ఎడంగా మాలపల్లె, మాదిగపల్లె. ఊరి బావి వేరు, పల్లె బావి వేరు. శ్మశానం కూడా వేరే.

రోజువారీ బతుకంతా ఇలాంటి లెక్కలే. ఊరి బావిలో చేద వెయ్యకూడదు, ఎవరైనా పోస్తే దోసిలి పట్టి తాగాలి. పెద్దవీధిలో నడిస్తే చెప్పులు చేత్తో పట్టుకోవాలి. గుడి బయటే నిలబడాలి. హోటల్లో టీ తాగితే వాళ్ల గ్లాసు వేరు. అది చూరులోనో గోడ పక్కనో ఉంటుంది, తాగాక కడిగి అక్కడే పెట్టాలి. దీనికే రెండు గ్లాసుల పద్ధతి అని పేరు. నమ్మకపోతే ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లని కదిపి చూడండి. వాళ్లు చూసిందో, చేసిందో, పడిందో ఏదో ఒకటి చెప్తారు.

ఈ పద్ధతి మీద పెద్ద దెబ్బ కొట్టిన తెలుగు పుస్తకం ఒకటి గుంటూరు జిల్లా నుంచే వచ్చింది. అదే ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకెళ్లిన ఉన్నవ, రాయవేలూరు జైల్లో కూర్చుని ఈ నవల రాశారు. 1922లో వచ్చింది. మాలపల్లెలో ఉండే రామదాసు కుటుంబమే ఇందులో హీరో. అప్పటిదాకా కథలకి పనికిరారనుకున్న మనుషులు నవల మధ్యలోకొచ్చి కూర్చున్నారు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 

అయితే ఉన్నవ ఆ పల్లెలో పుట్టిన వ్యక్తి కాదు. లోపలి నుంచి మాట్లాడిన గొంతు వినాలంటే వినుకొండ వెళ్లాలి.

గబ్బిలానికి ఉన్న స్వేచ్ఛ

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులం, తల్లి లింగమ్మ మాదిగ కులం. ఆ రోజుల్లో ఆ పెళ్లే ఒక తిరుగుబాటు. దాని ఖరీదు పిల్లాడు కట్టాడు. మిషనరీ బడిలో నెలకి మూడు రూపాయల జీతంతో పంతులుగా చేశారు. తర్వాత రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకి వాచకుడయ్యారు. అంటే తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, డైలాగులు చదవడం. ఇప్పటి భాషలో లైవ్ డబ్బింగ్.

సొంతూరు వినుకొండలోనే ఒక అవధాన సభ జరిగితే, ఆయన వెళ్లి పద్యాలు చదివారు. పద్యాలు బాగున్నాయా లేదా అని కాదు, వీణ్ని లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు గొడవపడ్డారు. కవిత్వం వినడానికొచ్చిన వాళ్లకి కవి కులం అడ్డొచ్చింది.

ఆ అవమానం లోపల ఎంత కాలిందో 1941లో ‘గబ్బిలం’ చూస్తే తెలుస్తుంది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘంతో ప్రేయసికి కబురు పంపుతాడు. జాషువా హీరో యక్షుడు కాదు, అంటరానివాడు. కబురు ప్రేయసికి కాదు, కాశీలో ఉన్న శివుడికి. మోసుకెళ్లేది గబ్బిలం. ఎందుకు గబ్బిలమే? ఎందుకంటే గబ్బిలం గుళ్లోకి వెళ్లగలదు. గర్భగుడి చూరుకి వేలాడినా ఎవరూ మైల పడిందని అనరు. మనిషి మాత్రం గడప దాటకూడదు. ఈ ఒక్క పోలికతో జాషువా మొత్తం వ్యవస్థని నిలబెట్టి అడిగేశారు. పిట్ట కాని పిట్టకి ఉన్న విలువ మనిషికి లేదా అని.

తర్వాత కాలం మారింది. శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కి సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971లో గుంటూరులో కన్నుమూశారు. గెలిచినట్టే. కానీ ఒక మహాకవికి తలుపు తెరవడం వేరు, పల్లెలో ఉన్న మామూలు కూలీకి తెరవడం వేరు.

చట్టం ముందే వచ్చింది, గ్లాసు పోలేదు

ఇక్కడ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. పల్నాడు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నీళ్ల వసతులు, రోడ్లు, రవాణా దగ్గర అంటరానితనం పాటించకూడదని మద్రాసు ప్రభుత్వం 1938లోనే చట్టం చేసింది. 1947లో గుడి ప్రవేశానికి ఇంకో చట్టం. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా చూసి శిక్ష వేసే చట్టం దేశమంతటికీ వచ్చింది.

అమెరికా సంగతి చూడండి. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు నల్లజాతి కుర్రాళ్లు, అందరూ కాలేజీ స్టూడెంట్లే, తెల్లవాళ్లకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. మర్నాడు ఇంకొంతమందితో మళ్లీ వచ్చారు. కొన్ని వారాల్లోనే వేరే ఊళ్లకీ పాకింది. అక్కడ హోటళ్లలో వివక్ష కుదరదని చట్టం వచ్చింది 1964లో. అంటే మన చట్టం వాళ్లకంటే తొమ్మిదేళ్లు ముందు. అయినా మన ఊళ్లలో రెండో గ్లాసు చాలాకాలం చూరులోనే ఉంది.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికొచ్చారు. కేరళలో దళిత పిల్లలు చదివే ఒక స్కూలుకెళ్తే, హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట కింగ్‌కి చివుక్కుమంది. కాసేపు ఆలోచించాక, నిజమే కదా అనుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

బిందె ఎత్తినందుకు, కాలు తగిలినందుకు

మనకి దగ్గర్లోనే జరిగిన రెండు ఘటనలు తెలుసుకోకపోతే ఈ కథ సగమే.

మొదటిది అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. 1985 జులై. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర నీళ్లు మురికి చేస్తుంటే ఇదేంటని అడిగారు. ఒక మహిళ తనని కొట్టబోతే నీళ్ల బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జులై 17న, ఆధిపత్య కులం వాళ్లు పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఊరు వదిలిన జనం చీరాలలో శిబిరాలు వేసుకుని పోరాడారు. అందులోంచే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్లు ముందు నిలబడ్డారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవై మూడేళ్లు!

రెండోది చుండూరు. అప్పటి గుంటూరు జిల్లానే. 1991లో సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో వాళ్లకి తగిలింది. గొడవ పెరిగింది, సాంఘిక బహిష్కారం దాకా వెళ్లింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. బాధితులు పట్టుబట్టడంతో ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

గమనించారా? ఒకచోట నీళ్లు, ఒకచోట సీటు. అసలు గొడవ నీళ్ల కోసమూ కాదు, సీటు కోసమూ కాదు. తగ్గి ఉండాల్సిన వాడు తగ్గలేదన్నదే అసలు కోపం. దోసిలి పట్టినంతకాలం ఊరు ప్రశాంతంగానే ఉంటుంది. బిందె ఎత్తిన రోజే అల్లరి.

ఇప్పుడు మీ చేతిలో ఏముంది?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో సవరించి ఇంకా వివరంగా రాశారు. ఊరి నీళ్లు, శ్మశానం, దారి వాడుకోనివ్వకపోవడం, గుళ్లోకి రానివ్వకపోవడం, సాంఘిక బహిష్కారం... అన్నీ నేరాలే. బైక్ మీద ఊళ్లోంచి వెళ్తుంటే ఆపినా, చెప్పులు వేసుకోనివ్వకపోయినా, పెళ్లి ఊరేగింపు అడ్డుకున్నా నేరమే. బైక్, చెప్పులు కూడా చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఊళ్లలో ఏం జరుగుతోందో ఊహించుకోండి.

ఫిర్యాదు ఇస్తే ముందు విచారణ చేసి చూస్తాం అనకుండా ఎఫ్‌ఐఆర్ కట్టాలి. దర్యాప్తు పూర్తిచేసి అరవై రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలి. విధి మర్చిపోయిన అధికారికీ శిక్ష ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 14566. ఏ టైములోనైనా చెయ్యొచ్చు, డబ్బులు పడవు. ఇంకో సంగతి. జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో నివేదిక ఇచ్చింది. ప్రతి నెలా 30న అధికారులు ఏదో ఒక ఊరికొచ్చి పౌర హక్కుల దినం జరపడం మన దగ్గర పద్ధతి. మీ మండలంలో చివరిసారి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో తహసీల్దార్ ఆఫీసులో అడిగి చూడండి. అడిగితేనే కదా జరిగేది.

అంతా చట్టమే చెయ్యలేదు. గ్లాసు చూరులోంచి పోయింది, నిజమే. యూజ్ అండ్ త్రో కప్పు వచ్చాక ఎవరి గ్లాసు ఏదో కనిపించడమే మానేసింది. కానీ సిటీలో అద్దెకి ఇల్లు అడిగితే, ముందు ఇంటి పేరు అడిగి, అది తేలకపోతే ‘మీరేవిట్లు?’ అంటారే, అది ఆ పాత గ్లాసే. ఫ్రెండ్స్ గ్రూపులో కులం పేరుతో జోకు పడితే అందరూ నవ్వే ఎమోజీ పెడతారే, అదీ ఆ గ్లాసే.

వచ్చే కార్తీకంలో కారంపూడి వెళ్తారు కదా. వెళ్లండి. చాప మీద కూర్చోండి, రీల్ కూడా తీసుకోండి. పక్కన కూర్చుని తిన్న మనిషి పేరు, ఊరు అడిగి పరిచయం చేసుకోండి. మర్నాడు వాళ్లింటికెళ్లి మంచినీళ్లు అడిగి తాగండి. మీ ఇంటికి భోజనానికి పిలవండి. చాప పరవడం తిరునాళ్లకి కష్టం కాదు. తిరునాళ్ల అయిపోయాక చుట్టెయ్యకుండా ఉంచడమే కష్టం. కన్నమదాసు నుంచి జాషువా దాకా అడిగింది ఆ కష్టమే.