అపశ్రుతి ఎవరిది? - తమ కాలంతో పొసగని పాటబృందాలు

కళాకారుణ్ణి మెచ్చుకోవడానికి మనం తరచు వాడే మాట ఒకటుంది: "తన కాలం కన్నా ముందున్నవాడు". కవి విషయంలోనూ వాడతాం, చిత్రకారుడి విషయంలోనూ వాడతాం, పాటగాడి విషయంలోనూ వాడతాం. మెప్పుగా ఈ మాట బాగానే ఉంటుంది గాని వివరణగా పనికిరాదు. ఎవరూ తమ కాలాన్ని దాటి బతకలేరు. 1966లో వాయించిన గిటారు ఆ నాటికి ఉన్న కర్మాగారంలో తయారైనదే. వాయించిన చేతులు ఆనాటి కూడు తిన్నవే. అలాంటప్పుడు ఒక బృందం పాట తన కాలానికే పరాయిదిగా ఎందుకు వినిపిస్తుంది? పొసగనిది పాటా, లేక "కాలం" అనే పేరుతో చలామణీ అయిన మరొకటా?

ఈ ప్రశ్నకు జవాబును ఊహల్లో కాక చరిత్రలో వెతకాలి. అందుకు పాశ్చాత్య రాక్ సంగీతం అనువైన క్షేత్రం. ఎందుకంటే అది పుట్టుకతోనే పరిశ్రమతో ముడిపడిన సంగీతం. రికార్డు కంపెనీ, రేడియో, అమ్మకాల పట్టిక - ఈ మూడూ కలిసి "ఇదీ ఈనాటి పాట" అని నిర్ణయించే పద్ధతి అక్కడ దాపరికం లేకుండా కనిపిస్తుంది. నాలుగు బృందాలను తీసుకుందాం.

మొదటిది "ది మాంక్స్". ఇందులో ఉన్నవాళ్లు అయిదుగురు అమెరికన్ సైనికులు. పశ్చిమ జర్మనీలోని గెల్న్‌హౌసెన్ దగ్గర అమెరికన్ సైనిక స్థావరంలో పనిచేస్తూ 1964లో ఒక బృందంగా ఏర్పడ్డారు. సైన్యం నుంచి విడుదలయ్యాక ఇంటికి పోకుండా జర్మనీలోనే ఉండిపోయి క్లబ్బుల్లో వాయించుకుంటూ బతికారు. మొదట్లో అందరిలాగే బీట్ పాటలు వాయించేవాళ్లు. తర్వాత ఇద్దరు జర్మన్ యువకులు నిర్వాహకులుగా వచ్చారు. ప్రకటనల రంగమూ, రూపకల్పన విద్యా తెలిసినవాళ్లు. వాళ్లతో కలిసి పాటలో అదనంగా ఉన్న ప్రతిదాన్నీ తీసివేస్తూ పోయారు. నడినెత్తిన గుండు గొరిగించుకున్నారు. నల్లదుస్తులు వేసుకున్నారు. టై బదులు మెడలో తాడు కట్టుకున్నారు. రెండో గిటారు స్థానంలో మైకు తగిలించిన బాంజో వచ్చింది. దాన్ని రాగం కోసం కాదు, డప్పులా దరువు కోసం వాడారు. పదాలు కుదించుకుపోయి, ఒకే మాట పదేపదే కేకగా మారింది.

1966లో పాలిడార్ కంపెనీ జర్మనీలో వాళ్ల "బ్లాక్ మాంక్ టైమ్" రికార్డును విడుదల చేసింది. మొదటి పాటలోనే వియత్నాం ప్రస్తావన ఉంది. స్వదేశంలో ఆ రికార్డు అప్పుడు విడుదల కాలేదు. 1967లో బృందం విడిపోయింది. పదేళ్ల తర్వాత లండన్, న్యూయార్కుల్లో పంక్ సంగీతం పుట్టినప్పుడు, ఈ రికార్డు తెలిసినవాళ్లు "వీళ్లు అప్పుడే చేశారే!" అని ఆశ్చర్యపోయారు.

కాని ఆశ్చర్యపడవలసిన పనేముంది? కవాతు దరువు ఒంటబట్టిన మాజీ సైనికులు. పాటలోని ఇంగ్లీషు చాలామందికి అంతంతమాత్రంగానే అర్థమయ్యే తాగుబోతు శ్రోతలు. రాత్రి మీద రాత్రి గంటల తరబడి వాయించవలసిన కూలి. ఏ సరుకునైనా ఒక్క గుర్తుకు కుదించి చూపే ప్రకటనల కళ. అవతల తోటి సైనికులను మింగుతున్న యుద్ధం. ఇవన్నీ కలిసినచోట పుట్టిన శబ్దం అది. అందులో 1976 నుంచి వచ్చినది ఏదీ లేదు. అంతా 1966దే. అయితే అది అమ్మకాల పట్టికలో కనిపించని 1966.

రెండో బృందం పేరే "డెత్". మృత్యువు. డెట్రాయిట్ నగరంలో డేవిడ్, బాబీ, డానిస్ హాక్నీ అనే ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు 1970ల తొలి సంవత్సరాల్లో ఇంట్లోనే సాధన మొదలుపెట్టారు. డెట్రాయిట్ అంటే కార్ల కర్మాగారాల నగరం. 1967లో నల్లజాతి ప్రజల తిరుగుబాటుతో అట్టుడికిన నగరం. 1959లో మోటౌన్ కంపెనీ పుట్టిన నగరం కూడా. ఆ నగరంలో నల్లజాతి కుర్రాళ్లు పాడితే సోల్ పాడాలని ఇరుగుపొరుగూ, పరిశ్రమా, రేడియో అందరూ అనుకున్నారు. వీళ్లు మాత్రం వేగంగా, బిగ్గరగా, కోపంగా గిటారు వాయించారు.

1975 ప్రాంతంలో వాళ్లు యునైటెడ్ సౌండ్ స్టూడియోలో ఏడు పాటలు రికార్డు చేశారు. కొలంబియా రికార్డ్స్ అధ్యక్షుడుగా పనిచేసిన క్లైవ్ డేవిస్ ఆసక్తి చూపాడు. అయితే ఆ పేరు మార్చుకోవాలన్నాడు. తండ్రి మరణం నుంచి ఆ పేరును తీసుకున్న డేవిడ్ హాక్నీ అందుకు ఒప్పుకోలేదు. ఒప్పందం పోయింది. 1976లో సొంత ఖర్చుతో ఒక చిన్న రికార్డును 500 ప్రతులు వేసుకున్నారు. రాజకీయ నాయకుల మోసం మీద పాట అందులో ఉంది. రేడియోలు దాన్ని పట్టించుకోలేదు. అన్నదమ్ములు వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లారు. ఆ తర్వాత భక్తిగీతాలు పాడారు. ఇద్దరు తమ్ముళ్లు రెగే బృందం పెట్టుకున్నారు. డేవిడ్ డెట్రాయిట్‌కి తిరిగివచ్చి, 2000లో క్యాన్సర్‌తో చనిపోయాడు. దాచి ఉంచిన ఆ ఏడు పాటల టేపులు 2009లో గాని ఆల్బంగా వెలువడలేదు. 2012లో వాళ్ల మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. కాని పేరు కోసం నిలబడ్డవాడు వినడానికి లేడు.

ఇక్కడ "కాలం కన్నా ముందు" అనే మాట ఎంత పెద్ద అబద్ధమో గమనించండి. 1976లోనే న్యూయార్కులో రమోన్స్ తొలి ఆల్బం వచ్చింది. అంటే ఆ శబ్దానికి కాలం రాకపోలేదు, వచ్చింది. తలుపు మాత్రం నల్లజాతి అన్నదమ్ములకు తెరుచుకోలేదు. అమెరికన్ రేడియో స్టేషన్లూ, రికార్డు దుకాణాల అరలూ రంగును బట్టి విడిపోయి ఉన్నాయి. సోల్ నల్లవాళ్లది, రాక్ తెల్లవాళ్లది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి కళాకారులు పునాదులు వేసిన ఇంట్లోకి వాళ్ల తర్వాతి తరం పిల్లలు అడుగుపెడితే "మీరెవరు?" అని అడిగిన విచిత్రం ఇది. దీన్ని కాలానికి అంటగట్టడమంటే వర్ణవివక్షను పంచాంగం వెనక దాచడమే.

మూడో ఉదాహరణ ఇందుకు విరుద్ధమైనది. అసలు విషయం దీంతోనే తేటపడుతుంది. "ది బ్యాండ్" అనే పేరు పెట్టుకున్న అయిదుగురిలో నలుగురు కెనడా వాళ్లు, ఒకడు అమెరికాలోని ఆర్కన్సా వాడు. 1968లో వాళ్ల తొలి ఆల్బం "మ్యూజిక్ ఫ్రం బిగ్ పింక్" వచ్చింది. అప్పటికి రాక్ ప్రపంచమంతా మాదకద్రవ్యాల రంగురంగుల మైకంలో, అంతులేని గిటారు విన్యాసాల్లో మునిగి ఉంది. తల్లిదండ్రుల తరాన్ని తిరస్కరించడమే యువతరం నినాదం. వీళ్లేమో ఆల్బం లోపల తమ బంధువులందరితో కలిసి దిగిన కుటుంబ ఫోటో వేశారు. చర్చి పాటలూ, పల్లె పాటలూ కలగలిసిన పాతకాలపు శబ్దంతో ముందుకు వచ్చారు. 1969లో వచ్చిన రెండో ఆల్బం మీది ఫోటో చూస్తే పందొమ్మిదో శతాబ్దపు మనుషులేమో అనిపిస్తుంది.

వీళ్లూ తమ కాలంతో పొసగనివాళ్లే. కాని వీళ్లు వినబడకుండా పోలేదు. ఎరిక్ క్లాప్టన్, జార్జ్ హారిసన్ వంటివాళ్లు వీళ్లను విని తమ పంథాయే మార్చుకున్నారు. వీళ్ల ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. కాని వెనక క్యాపిటల్ అనే పెద్ద కంపెనీ ఉంది. బాబ్ డిలన్‌తో కలిసి వాయించిన పేరుంది. అన్నిటినీ మించి, గతం మీద బెంగకు మార్కెట్టులో ఎప్పుడూ ఒక అర సిద్ధంగా ఉంటుంది. కాబట్టి కాలంతో పొసగకపోవడం ఒక్కటే ఒక బృందాన్ని ముంచదు. ఆ పొసగనితనానికి కొనుగోలుదారు ఉన్నాడా లేడా అన్నది ముఖ్యం.

గతంలోకి వెళ్లడం అమాయకమైన ప్రయాణం కాదన్నదీ ఇక్కడే చెప్పుకోవాలి. 1969 ఆల్బంలోని అతి ప్రసిద్ధమైన పాట అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది పేద తెల్లవాడి దుఃఖాన్ని చెబుతుంది. ఆ దుఃఖం నిజమైనదే. కాని ఆ యుద్ధం ఏ బానిసత్వం చుట్టూ జరిగిందో ఆ బానిసలు పాటలో ఎక్కడా కనిపించరు. పాత శబ్దం తనతో పాటు పాత మౌనాలనూ వెంటతెస్తుంది. విమర్శకుడు రెండింటినీ వినాలి.

నాలుగో బృందం కథ మనలాంటివాళ్లకు మరింత ఇబ్బందికరమైనది. అందుకే దాన్ని దాటవేయకూడదు. 1968 ఆగస్టులో వార్సా ఒప్పంద సైన్యాలు చెకొస్లొవేకియాలోకి ప్రవేశించాయి. కొద్ది వారాలకే ప్రాగ్ నగరంలో మిలాన్ హ్లావ్సా అనే యువకుడు మిత్రులతో కలిసి "ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్" అనే బృందాన్ని ప్రారంభించాడు. న్యూయార్కు బృందం వెల్వెట్ అండర్‌గ్రౌండ్ వాళ్లకు ఆదర్శం. తన సొంత దేశంలోనే 1967 నాటి తొలి ఆల్బంతో అమ్మకాల్లో చతికిలబడిన బృందం అది. ఒకచోట అమ్ముడుపోని శబ్దం మరోచోట ప్రాణవాయువైంది.

1970లో ప్రభుత్వం వృత్తి కళాకారులుగా వాళ్లకున్న అనుమతిని రద్దు చేసింది. బృందం పల్లెల్లో, పెళ్లిళ్ల పేరుతో జరిగే కూడికల్లో వాయించసాగింది. వాళ్లు పాడినవాటిలో ఎగోన్ బోండీ కవితలున్నాయి. బోండీ తననుతాను మార్క్సిస్టుగా చెప్పుకున్న తాత్వికుడు. సోషలిజం పేరుతో ఉన్న ప్రభుత్వం ఒక మార్క్సిస్టు రాతలను అచ్చుకు రానివ్వకపోతే, పొడుగు జుట్టు కుర్రాళ్లు వాటిని సాక్సోఫోను మోతలో పాడారు. 1976 మార్చిలో అరెస్టులు జరిగాయి. సెప్టెంబరులో నలుగురికి 8 నెలల నుంచి 18 నెలల వరకు జైలుశిక్ష పడింది. మోపిన నేరం ప్రభుత్వాన్ని కూలదోయడం కాదు, అల్లరి చేయడం. ఈ విచారణ చూసి కలిసిన రచయితలూ, మేధావులే 1977 జనవరిలో "చార్టర్ 77" ప్రకటించారు. నాటకకర్త వాత్స్లావ్ హావెల్ అందులో ఒకడు.

మొదటి మూడు కథల్లో ముద్దాయి మార్కెట్టు. ఇక్కడ మార్కెట్టు లేదు. అయినా ఫలితం అదే, ఇంకా క్రూరంగా ఉంది. "ఇది మన కాలపు పాట కాదు, క్షీణ సంస్కృతి" అని చెప్పే అధికారం కొద్దిమంది చేతికి చిక్కితే, అది దుకాణదారుడైనా అధికారి అయినా శ్రోత చెవి మూసుకుపోతుంది. దుకాణదారుడు పాటను అరలో పెట్టడు. అధికారి పాటగాణ్ణి జైల్లో పెడతాడు. రూపం కొత్తగా ఉందన్న ఒక్క కారణంతో "ప్రజలకు అర్థం కాదు" అని తీర్పు చెప్పే విమర్శకుడు తనకు తెలియకుండానే ఈ ఇద్దరిలో ఒకరికి గుమాస్తాగా పనిచేస్తాడు. ఈ హెచ్చరిక ముందుగా మనకే వర్తిస్తుంది.

ఇంతకూ ఈ నాలుగు కథల నుంచి తేలేదేమిటి? ఏ కాలమూ ఏకశిల కాదు. ఒకే సంవత్సరంలో సైనికుడి కాలం వేరు, కంపెనీ యజమాని కాలం వేరు, నల్లజాతి యువకుడి కాలం వేరు. వీటిలో ఏది రికార్డుకెక్కి, ఏది రేడియోలో మోగి, ఏది దుకాణంలో దొరికిందో దానినే తర్వాతివాళ్లు "ఆ కాలం" అంటారు. మిగిలినవి ఆ కాలంలోనే ఉండి కూడా దానికి పరాయివైపోతాయి.

అలాగని వినబడని ప్రతి పాటా గొప్పదే అనుకోవడం పొరపాటు. మట్టిలో పడినదల్లా మాణిక్యం కాదు. పైగా ఈనాడు మరుగున పడ్డ బృందాలను వెలికితీయడం కూడా ఒక వ్యాపారమైంది. నిన్న అమ్ముడుపోనిదన్న సంగతే ఇవాళ అమ్మకపు గుర్తవుతోంది. 500 ప్రతుల రికార్డు సేకర్తల చేతిలో విలువైన వస్తువవుతుంది. మరొకటి కూడా ఉంది. డెత్ బృందాన్ని ఇవాళ మనం వినగలుగుతున్నామంటే టేపులు మిగలబట్టే. స్టూడియో గడప తొక్కలేనివాళ్ల పాటను ఏ పునర్ముద్రణా తిరిగి తేలేదు.

కనుక "కాలం కన్నా ముందు" అనే మాట వినబడగానే విమర్శకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ శబ్దం ఏ చేతుల్లో, ఏ శ్రమలో, ఏ చోట పుట్టింది? దాన్ని వినబడకుండా చేసిందెవరు, ఏ పద్ధతిలో? ఇవాళ వినిపిస్తున్నదెవరు, ఏ ప్రయోజనం కోసం? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ మెప్పుమాట అవసరమే ఉండదు. డేవిడ్ హాక్నీ భవిష్యత్తు నుంచి రాలేదు. 1975 నాటి డెట్రాయిట్‌లో, తన వీధిలో, తన కోపంతో పాడాడు. అతను కాలం కన్నా ముందు లేడు. అతని పాట మనకు చేరడమే 34 ఏళ్లు ఆలస్యమైంది. ఇవాళ మన పక్క వీధిలో మోగుతున్న ఏ పాటను మనం ఇలాగే ఆలస్యం చేస్తున్నామో వెతికి వినడమే మిగిలిన పని.