మూడు గంటల యారాధన: ముందటి సన్నాహము

గుంటూరునుండి చిలకలూరిపేటకు బోవు పెద్దబాటమీద ఎడ్లపాడు గలదు. కొండవీటి కొండలు దానికి సమీపముననే యున్నవి. 2022వ సంవత్సరమున నేర్పడిన పల్నాడు జిల్లాలో నీ గ్రామము చేరినది. మార్చి, ఏప్రిల్ నెలలలో నీ ప్రాంతపు స్త్రీలు మిరపకాయలు గోయుటకై తెల్లవాఱకమునుపే యన్నము మూటగట్టుకొని బయలుదేఱుదురు. కల్లములు ఎఱ్ఱగా నిండియుండును. నూలుమిల్లులలో వంతులవారీగా పని సాగుచుండును. సరిగా నీ దినములలోనే క్రైస్తవ సంఘములకు శ్రమల వారము వచ్చును.

ఈ వారమున యేసుక్రీస్తు సిలువ మరణమును స్మరించు శుభ శుక్రవారమంత గంభీరమైన దినము వేఱొకటి లేదు. ఆనాటి యారాధనను భక్తికి లోపము రాకుండ నెట్లు నడుపవలెనో సంఘములయందలి మన సోదరీమణులు ముందుగా నాలోచించుకొనుట మంచిది. మాకు దోచిన కొన్ని మాటలు ఇచట వ్రాయుచున్నాము.

మొదట తేది సంగతి. మార్చి 21వ తేదినాడు గాని, యటుపిమ్మట గాని సంఘపు లెక్క ప్రకారము వచ్చు పున్నమికి తరువాతి యాదివారమే ఈస్టరు పండుగ. కావున శుభ శుక్రవారము మార్చి 20 మొదలు ఏప్రిల్ 23 లోపల నెన్నడైనను రావచ్చును. 2025లో ఏప్రిల్ 18, 2026లో ఏప్రిల్ 3, 2027లో మార్చి 26 ఆ దినములు. ఏ తేదిని వచ్చినను పల్నాటిలో నది యెండకాలమే, పనులకాలమే. ఈ రెంటిని మఱచి చేసిన యేర్పాటు నిలువదు.

ఈ సీమలో క్రైస్తవ సంఘములు కొత్తవి కావు. అమెరికానుండి వచ్చిన లూథరను బోధకుడు హేయరు 1842లో గుంటూరు చేరెను. 1849లో పల్నాటి గురజాలకు బోయెను. ఫిరంగిపురమున రోమను కతోలికుల పెద్ద దేవాలయము గలదు. నరసరావుపేట వైపున బాప్టిస్టుల సేవ విస్తరిల్లెను. ఆయా సంఘముల యాచారములు వేఱు. కతోలికులు ఆ దినమున దివ్యబలిపూజ చేయరు. బలిపీఠముపై వస్త్రమైనను లేకుండ విడిచి, శ్రమల చరిత్రము జదివి, సిలువను గౌరవించి, ముందటి దినమున నుంచిన సత్ప్రసాదమును స్వీకరింతురు. లూథరను, బాప్టిస్టు మొదలగు సంఘములలో బహుస్థలముల మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటలవఱకు సిలువమీది యేడు మాటలను ధ్యానించు వాడుక యున్నది.

ఈ యేడు మాటలును ఒక్క సువార్తలో లేవు. హింసించువారి క్షమాపణ కొఱకైన ప్రార్థన, పక్కనున్న దొంగకు నిచ్చిన యభయము, తండ్రికి నాత్మ నప్పగించుట, ఈ మూడును లూకా వ్రాసినవి. తల్లిని శిష్యునకు నప్పగించుట, దాహము దెలుపుట, పని సమాప్తమైనదని పలుకుట యోహాను వ్రాసినవి. విడువబడితినన్న కేక మత్తయి, మార్కులయందున్నది.

ఇట్లు మూడు గంటలు ధ్యానించు పద్ధతిని పదునేడవ శతాబ్దాంతమున దక్షిణ అమెరికాలోని లీమా నగరమందు, అలన్సో మెస్సియా యను యేసుసభ గురువు ప్రారంభించెనని చెప్పుదురు. అచటినుండి యది స్పెయినుదేశమునకు వచ్చెను. ఆ దేశములోని కాదిజ్ పట్టణమువారు కోరగా, ఆస్ట్రియా దేశపు సంగీతవిద్వాంసుడు హేడన్ 1786-87 ప్రాంతమున నీ యేడు మాటలకు వాద్యసంగీతము కూర్చెను. కాదిజ్‌లోని యాచారమును ఆయనయే వర్ణించియున్నాడు. గుడి గోడలను, కిటికీలను, స్తంభములను నల్లని బట్టతో గప్పుదురు. నడుమ నొక్క పెద్ద దీపము మాత్రము వ్రేలాడును. బిషపు ఒక మాటను జదివి కొంచెము వివరించి, వేదిక దిగి బలిపీఠము నెదుట మోకరించును. ఆ విరామమంతయు సంగీతముతో నిండును. పిమ్మట రెండవ మాట. ఇట్లు కడవఱకు.

ఈ వర్ణనలో మేము ముఖ్యముగా గమనించినది నల్లబట్టను గాదు, సంగీతమును గాదు. మాటకు మాటకు నడుమనున్న విరామమును. చెప్పువాడు చాలించి మోకరించుచున్నాడు. మన సంఘములలో నీ విరామమే తఱుగుచున్నది. ఏడుగురు బోధకులను బిలుతురు. తలకొక యరగంట తీసికొన్నచో ప్రసంగములకే 210 నిమిషములగును. ఉన్నవో 180 నిమిషములే. చివర మాటలు చెప్పువారికి తొందర, వినువారికి విసుగు. సిలువ నెదుట కూర్చుండ వచ్చిన జనులు గడియారము నెదుట కూర్చుందురు.

కావున కాలమును ముందే పంచుకొనవలెను. ఏడు భాగములకు 20 నిమిషముల చొప్పున 140 నిమిషములు. మిగిలిన 40లో ప్రారంభమునకు 10, ముగింపునకు 15, నడుమ జనుల రాకపోకలకు 15. ఒక్కొక్క భాగమున వేదపఠనము 2, ప్రసంగము 8, మౌనము 3, కీర్తన 4, ప్రార్థన 3 నిమిషములు. ఈ లెక్కను వ్రాసి వారము ముందుగా బోధకుల కందఱకు నందజేయవలెను. ఎనిమిది నిమిషములు చాలవని యెవరైన ననినచో, ఆ మాట సిలువమీద పలుకుటకు క్షణకాలమే పట్టినదని వినయముతో జ్ఞాపకము చేయవచ్చును.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న వేళను గూర్చినది. శుభ శుక్రవారము సర్కారు సెలవే. అయినను సర్కారు సెలవు రోజుకూలికి గూలి నియ్యదు. "అయ్యగారూ, మధ్యాన్నం గుడికొస్తే కూలి పోద్ది. సాయంత్రం వద్దామంటే ప్రభువు చనిపోయిన గడియ దాటిపోద్ది. మేమేం చెయ్యాల?" అని యొక కూలితల్లి యడిగినచో సంఘపెద్దలు ఏమి చెప్పుదురు? కూలి మానుకొని రమ్మనుట సులభము. మానుకొన్న కూలి యెవరి కుండలోని బియ్యమో చెప్పువారు ఆలోచింపవలెను.

మా యభిప్రాయ మిది. మధ్యాహ్నపు టారాధనను విడువనక్కఱలేదు. కాని రాత్రి 7 గంటలకు రెండవ యారాధన నొక గంటసేపు జరుపవలెను. అది తక్కువది కారాదు. ఆ యేడు భాగములే చదువవలెను, ఆ మౌనమే యుండవలెను, ముఖ్యబోధకుడే రావలెను. మధ్యాహ్నము వచ్చినవారు భక్తులనియు, రాత్రి వచ్చినవారు ఆలస్యముగా వచ్చినవారనియు నెవరును తలంపకుండునట్లు దానిని ముందటి యాదివారమే సమానముగా బ్రకటింపవలెను. పగటివేళ వచ్చువారు సయితము ఏ భాగమునకైనను వచ్చి, భాగము ముగియగానే లేచిపోవుటకు వీలుండవలెను. భాగములనడుమ నుంచిన 15 నిమిషములు అందుకే.

ఇక చదువువారెవరు? శిష్యులలో పెక్కుమంది పాఱిపోయినప్పుడు స్త్రీలు సిలువకు సమీపమున, దూరమున నిలిచి చూచుచుండిరని నాలుగు సువార్తలును ఏదో యొక రీతిని చెప్పుచున్నవి. ఈ దేశములో నింటింటికి దిరిగి బోధించిన బైబిలు స్త్రీలను పెద్దలు మఱవలేదు. 1883లో గుంటూరు వచ్చి, 1898లో నచట స్త్రీల వైద్యశాలను దెఱచిన డాక్టరు అన్నా కుగ్లర్‌గారి పేరు నేటికిని వినబడుచున్నది. అట్టి సంఘములలో స్త్రీలు నేల యూడ్చుటకే, పూలు తెచ్చుటకే పరిమితులు కానేల? మూడవ మాటను, అనగా తల్లిని గూర్చిన మాటను, ఒక తల్లి చదువుట యుక్తము. చదువురాని వృద్ధురాలికి నాలుగు దినములు ముందుగా వినిపించినచో కంఠపాఠముగా జెప్పగలదు. ఆ స్వరమును సంఘము చిరకాలము జ్ఞాపకముంచుకొనును.

అలంకారమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. ఆ దినమున పూలు వలదు, రంగుకాగితములు వలదు. ఒక చెక్కసిలువ, ఒక నల్లని బట్ట చాలును. పాశ్చాత్య దేశములలో కీర్తనకొక వత్తిచొప్పున పదునైదు వత్తుల నార్పు ప్రాచీనాచారము గలదు. చివరి వత్తిని మాత్రము ఆర్పక మఱుగుపఱచి, కొంత సేపటికి మరల దెత్తురు. దాని ననుసరించి కొన్నిచోట్ల నేడు మాటలకు నేడు వత్తులు వెలిగించి, యొక్కొక్కటే యార్పుచుందురు. ఇది మనోహరమే. కాని మన గుళ్లలో పైన పంకాలు తిరుగుచుండును. మూడవ మాటకు ముందే వత్తులన్నియు నారిపోవును. ఆ యెండలో పంకాలు కట్టివేయుట దయ గాదు. గాజుచిమ్నీగల దీపములను వాడినచో నీ చిక్కు లేదు.

కీర్తనలను గూర్చి: పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌధరిగారు మొదలగువారు మన రాగతాళములలో గట్టిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నున్నవి. శ్రమలనుగూర్చిన పాటలు మన యవ్వలకు బుస్తకము లేకయే వచ్చును. ఆనాడు డోలు, తాళములు మాని, హార్మోనియము మెల్లగా నొక్కి, యందఱు నొక్క కంఠముతో బాడవలెను. గుడి వెలుపల లౌడుస్పీకరు వలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము దానికి ముందుగా ననుమతి కావలెను. అదియు గాక, ఆ దినములు కొన్ని యేండ్లలో ఇరుగుపొరుగు పిల్లలకు పరీక్షల కాలము కావచ్చును. మన దుఃఖము పరుల చదువునకు విఘాతము కారాదు.

ఉపవాసమును గూర్చి తల్లులకు ఒక హెచ్చరిక. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఉపవాసముండరాదు. చక్కెరవ్యాధికి మాత్రలు గాని, యిన్సులిను గాని తీసికొనువారు తిండి మానినచో నెత్తుటిలోని చక్కెర పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. వైద్యుని సలహా లేక పూనుకొనరాదు. ఉపవాసులైనను నీరు త్రాగవలెను. గుడి వాకిట రెండు కుండల నీళ్లుంచుడు. ఐదవ మాట దాహమును గూర్చినదే గదా! ఆ మాటను ధ్యానించుచు పక్కనున్న ముసలమ్మకు నీరు నిరాకరించు సంఘము దానిని విన్నట్లు గాదు. ఆరాధన ముగిసిన పిమ్మట మజ్జిగ పోయుట స్త్రీల సమాజమువారు వహింపదగిన సేవ.

ముగింపున ప్రకటనలు, వందనసమర్పణలు వలదు. చివరి ప్రార్థన కాగానే యందఱును మాటలాడక యిండ్లకు బోవలెను. శనివారము సమాధుల తోటకు బోయి, గడ్డి పెఱికి, సున్నము వేయు పని యుండనే యున్నది. ఆదివారము చీకటితోనే వత్తులు వెలిగించుకొని మనవారు సమాధులయొద్దకు బోవుట తెలుగునాట పెక్కు పల్లెల యాచారము. మొదటి ఈస్టరునాడు తెల్లవాఱుజామున సమాధియొద్దకు బోయినవారును స్త్రీలే. శుక్రవారము మిరపచేనినుండి నేరుగా రాత్రి యారాధనకు వచ్చిన యక్కలు, చెల్లెండ్రు సయితము ఆ యుదయమున నందఱతో సమానముగా వత్తి పట్టుకొని నడుచునట్లు ఈ సన్నాహము జరుగుగాక యని కోరుచున్నాము.