రాజధాని ఎండకు కరుగుతున్న ప్లాస్టిక్ వీరులు

న్యూఢిల్లీ: బాల్యంలో తండ్రిని బతిమాలి కొనిపించుకున్న సైనికుడి బొమ్మను పాతికేళ్ల తరువాత అటక మీది అట్టపెట్టెలోంచి దించి చూస్తే, ముట్టుకోగానే వేళ్లకు జిగురులా అంటుకుంటుంది. తెల్లని కవచం పసుపుబారి ఉంటుంది. నడుము దగ్గర పట్టుకుని ఎత్తేసరికి కాళ్లు ఒకవైపు, మొండెం మరొకవైపు ఊడిపడతాయి. ఎవరూ ఆడని బొమ్మ, ఎలుక కొరకని బొమ్మ దానంతట అదే ఎందుకు పాడయిందన్నది ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌లలోని బొమ్మల సేకర్తలకు ఇప్పుడు ఖరీదైన ప్రశ్నగా మారింది.

ఈ అభిరుచి రాజధానికి కొత్తది కాదు. ప్రముఖ వ్యంగ్య చిత్రకారుడు కె.శంకర్ పిళ్లైకి హంగరీ రాయబారి ఇచ్చిన ఒకే ఒక బొమ్మతో మొదలైన సేకరణ క్రమంగా పెరిగి, బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని నెహ్రూ హౌస్‌లో శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియంగా రూపొందింది. 1965 నవంబరు 30న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించారు. సుమారు 85 దేశాలకు చెందిన 6 వేలకు పైగా బొమ్మలు అక్కడ గాజు అరల వెనుక కొలువై ఉన్నాయి. అయితే ఆ బొమ్మలలో వస్త్రం, కర్ర, మట్టి వంటి పాత పదార్థాలకు పెద్దపీట ఉంది. నేటి సేకర్తల అలమరాలలో ఉన్నది ప్లాస్టిక్.

అమెరికాకు చెందిన హాస్‌బ్రో సంస్థ 1964లో జి.ఐ.జో సైనికుడిని విడుదల చేసినప్పుడు, మగపిల్లలు బొమ్మ అంటే కొనరన్న భయంతో దానికి 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. 1982లో అదే సైనికుడు నాలుగు అంగుళాల లోపు పరిమాణానికి తగ్గాడు. ఎం.ఆర్.ఎఫ్. ప్రోత్సాహంతో 1987లో ఏర్పడిన ఫన్‌స్కూల్ సంస్థ ఈ చిన్న సైనికులను మన దేశంలోనే తయారు చేసింది. రంగులలోను, భాగాల కలయికలోను అమెరికా బొమ్మలకు భిన్నంగా ఉండడం వల్ల ఈ భారతీయ సైనికులకు విదేశీ సేకర్తలలో ప్రత్యేక గిరాకీ ఏర్పడింది. 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో తొలి కామిక్ కాన్ జరిగిన తరువాత దేశంలో కూడా ఈ అభిరుచికి ఒక వేదిక దొరికింది. ధర అంతా బొమ్మ స్థితిని బట్టి ఉంటుంది కనుక, ఒక్క మచ్చ పడినా విలువ కుంగిపోతుంది.

ప్లాస్టిక్ చిరకాలం ఉంటుందన్న నమ్మకమే అసలు పొరపాటు. చెత్తకుప్పలో శతాబ్దాలు ఉండే వస్తువు అద్దాల బీరువాలో ముప్పై ఏళ్లకే రూపం చెడడం విచిత్రంగా తోచవచ్చు గాని, పదార్థంగా మిగలడం వేరు, బొమ్మగా మిగలడం వేరు. మెత్తని తలలకు, చేతులకు ఎక్కువగా వాడే పి.వి.సి. సహజంగా గట్టిది. దానిని మెత్తబరచడానికి థాలేట్ల వంటి ద్రవాలను కలుపుతారు. ఈ ద్రవం ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు కనుక, కాలక్రమంలో పైకి ఊరుతుంది. వేళ్లకు అంటే జిగట అదే. దాని మీద దుమ్ము చేరితే తుడిచినా పోని మురికి అవుతుంది. ద్రవం పోయిన భాగం కుంచించుకుపోయి పెళుసెక్కుతుంది. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూల సూత్రం. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఢిల్లీలో, పై అంతస్తు గది అటక మీద బొమ్మ ఎంత త్వరగా ముసలిదవుతుందో ఊహించవచ్చు.

జి.ఐ.జో నడుము ఊడడానికి కారణం మరొకటి. మొండెంలో సాగదీసి బిగించిన చిన్న రబ్బరు వలయమే కాళ్లను పట్టి ఉంచుతుంది. సాగి ఉన్న రబ్బరును గాలిలోని ఓజోన్ చీలుస్తుంది. వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు పుట్టే ఓజోన్‌కు రాజధాని వేసవిలో కొదవ లేదు. అదృష్టవశాత్తు వీపు మీది మర విప్పి కొత్త వలయం వేసుకోవచ్చు. విరిగిన బొటనవేలికి మాత్రం అటువంటి వైద్యం లేదు. పెళుసెక్కిన చేతిలో తుపాకీని బలవంతంగా దూర్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రక్షణ పేరుతో చేసే పనులే కొన్నిసార్లు కీడు చేస్తున్నాయి. పి.వి.సి. బొమ్మను పాలిథిన్ సంచిలో చుట్టడం అందరి అలవాటు. డెన్మార్క్ జాతీయ మ్యూజియం శాస్త్రవేత్త ఇవాన్ షాషువా పరిశోధనలు ఇందుకు విరుద్ధమైన సంగతి చెబుతున్నాయి. పాలిథిన్ ఆ ద్రవాన్ని పీల్చుకుని నష్టాన్ని పెంచుతుంది. గాజు పాత్రలో మూసి ఉంచితే నష్టం నెమ్మదిస్తుంది. మూత పెట్టినందువల్ల జిగట పోదు, అప్పుడప్పుడు తుడవక తప్పదు. కాని బొమ్మ మెత్తదనం నిలుస్తుంది. పాత సెల్యులాయిడ్ బొమ్మల విషయం ఇందుకు పూర్తిగా వేరు. అవి తమలోంచి వెలువడే ఆమ్ల వాయువుల వల్లనే నశిస్తాయి, సులభంగా అంటుకుంటాయి కూడా. వాటికి గాలి ఆడాలి, ఇతర బొమ్మలకు దూరంగా ఉండాలి.

మన ఇళ్లలో బొమ్మల కొలువు ముగిశాక కొండపల్లి బొమ్మలను పాత చీరలలో చుట్టి, పెట్టెలో కలరా ఉండలు వేయడం పరిపాటి. పొణికి కర్రకు అది చెల్లుతుందేమో గాని, పాలీస్టైరీన్ బొమ్మకు ఆ ఉండ తగిలితే అక్కడ మెత్తబడి గుంట పడుతుంది. మెత్తని పి.వి.సి. చక్రం గట్టి ప్లాస్టిక్ మీద ఏళ్ల తరబడి ఆనినా కరిగినట్టు మచ్చ మిగులుతుంది. 1959లో వచ్చిన బార్బీ తొలినాటి బొమ్మల చెవులు ఆకుపచ్చబారడానికి కారణం లోహపు కమ్మలు. బ్యాటరీలు కారితే జరిగేది చెప్పనవసరం లేదు.

పసుపుబారిన తెల్లని భాగాలకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండబెట్టే పద్ధతి 2008 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. తెలుపు తిరిగివస్తుంది గాని నిలవడం లేదు. పైపెచ్చు ప్లాస్టిక్ పెళుసుబారే ప్రమాదం ఉంది. అమ్మకానికి ముందు ఈ చికిత్స చేసి, ఆ సంగతి దాచడం కొనుగోలుదారును మోసగించడమే.

చేయవలసిన పని కష్టమైనది కాదు. నేరుగా ఎండ పడని, ఇంటిలో అన్నింటికన్నా చల్లని లోపలి గది, అద్దపు తలుపుల బీరువా, గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బు, మృదువైన బట్ట ఉంటే చాలు. రంగులు పూసిన చోట రుద్దకూడదు. థిన్నరు, స్పిరిటు, గోళ్లరంగు తుడిచే ద్రవం దరిచేరనీయకూడదు. డెజర్ట్ కూలరు ఉన్న గదిలో బొమ్మలు పెట్టకపోవడం మేలు. అట్టపెట్టెకు బూజు పట్టేది ఆ చెమ్మ వల్లనే. వర్షాకాలంలో సిలికా జెల్ పొట్లాలు మార్చుతూ ఉండాలి.

కాగా, బొమ్మలపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. పోయిన బొమ్మకు బదులు విదేశం నుంచి మరొకటి తెప్పించుకోవడం తేలిక కాదు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తు పిల్లల భద్రతకు సంబంధించినదే. బొమ్మ ఏ ప్లాస్టిక్‌తో తయారయిందో, ఎన్నేళ్లు నిలుస్తుందో అది చెప్పదు. సదర్ బజార్ టోకు దుకాణంలో ఈరోజు కొన్న బొమ్మ కూడా ఆ వివరం లేకుండానే ఇంటికి చేరుతోంది.