తొమ్మిది చెక్కముక్కలు – ఒక చిన్న పెట్టె

ఊరికి ప్రయాణమైనప్పుడు అమ్మ సర్దిన పెట్టెకు మూత ఇట్టే పడుతుంది. అవే బట్టలు మనం సర్దితే, పెట్టె మీదెక్కి కూర్చున్నా మూత పడదు! సర్దడంలోనూ ఒక లెక్క ఉంది. ఆ లెక్కను చూపించే చెక్క పజిలును మీరే ఇంట్లో తయారుచేసుకోవచ్చు. దీన్ని రూపొందించిన ఇద్దరు హాలెండు దేశస్థుల పేర్లతో 'స్లోటౌబర్–గ్రాట్స్మా పజిలు' అంటారు.

తయారుచేసే విధానం

2 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం, సుమారు 70 సెం.మీ. పొడవు ఉన్న రీపరు తీసుకుని, వడ్రంగి చేత నున్నగా చిత్రిక పట్టించండి. పచ్చి చెక్క వద్దు. అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పెద్దల సాయంతో దీన్ని 2 సెం.మీ. ఘనాలుగా 27 ముక్కలు కోయాలి. గీతలన్నీ ఒకేసారి గీయకండి. కోతలో కొంత చెక్క పొట్టుగా పోతుంది కదా! అందుకే ఒక ముక్క కోశాక, మళ్ళీ కొలిచి, మూలమట్టంతో తర్వాతి గీత గీయాలి. తర్వాత గరుకు కాగితంతో రుద్దండి.

ఇప్పుడు నాలుగేసి ఘనాలను రెండు వరసలుగా పేర్చి, జిగురుతో అతికించి పలకలు చేయండి. రంపంతో కోసిన ముఖాలు పైకీ కిందికీ ఉండాలి. ఆ ముఖాలు జిగురును పీల్చేసుకుంటాయి కనుక అక్కడ అతుకు గట్టిగా నిలవదు. ఇలా 6 పలకలు తయారవుతాయి, 3 ఘనాలు విడిగా మిగులుతాయి. రాత్రంతా ఆరనివ్వండి.

దళసరి అట్టతో మూత లేని పెట్టె చేయండి. లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు 6 సెం.మీ. 2 మి.మీ. చొప్పున ఉండాలి. ఆ 2 మి.మీ. ఎందుకు? ఒక్కో ఘనం అర మి.మీ. పెద్దదైతే, మూడు పక్కపక్కన చేరేసరికి ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది మరి!

తప్పు చెక్కదా? మనదా?

ఇక తొమ్మిది ముక్కలనూ పెట్టెలో సర్దండి. పలకల్లో 24 ఘనాలు, విడిగా 3. మొత్తం 27. పెట్టెలో పట్టేవీ 3×3×3 = 27. అయినా సులువుగా పట్టవు! చాలామంది పలకలు ముందు పెట్టి, చిన్న ఘనాలను చివరి సందుల కోసం అట్టేపెడతారు. ఏదో ఒక పలక బయటే మిగిలిపోతుంది. కోత సరిగా కుదరలేదేమోనని అనుమానం వస్తుంది. రంపాన్ని తిట్టే ముందు కాస్త లెక్క వేద్దాం.

పెట్టెను అడుగు నుంచి మూడు పొరలుగా ఊహించుకోండి. ఒక్కో పొరలో 9 గళ్ళు. పలకను ఎలా పెట్టినా, ఒక పొరలో అది 4 గళ్ళు గాని, 2 గళ్ళు గాని ఆక్రమిస్తుంది; లేదా అసలు ఆక్రమించదు. అన్నీ సరిసంఖ్యలే. 9 బేసిసంఖ్య. కనుక ప్రతి పొరలోనూ ఒక చిన్న ఘనం ఉండి తీరాలి. పెట్టెను ఎడమ నుంచి కుడికి, ముందు నుంచి వెనక్కి పొరలుగా చీల్చినా ఇదే లెక్క. అంటే ఏ రెండు చిన్న ఘనాలూ ఏ దిశలోనూ ఒకే పొరలో ఉండకూడదు.

ఇప్పుడు మూలలు చూడండి. పెట్టెకు 8 మూలలు. పలక పొడవు రెండు గళ్ళే కాబట్టి, అది ఒక మూలకు మించి అందుకోలేదు. ఆరు పలకలు ఆరు మూలలకే సరి. మిగిలిన రెండు మూలల్లో చిన్న ఘనాలే ఉండాలి. అవి ఒకే పొరలో ఉండకూడదు కనుక, పూర్తిగా ఎదురెదురు మూలల్లో ఉంటాయి. మూడోదానికి అన్ని దిశల్లోనూ మధ్య పొరే మిగిలింది. అంటే పెట్టె నట్టనడుమ!

చూశారా? గంటల తరబడి దొరకనిది సరి–బేసి లెక్కతో దొరికింది. పెట్టె అడుగున ఎడమవైపు ముందు మూలలో ఒక చిన్న ఘనం పెట్టండి. దాని కుడిపక్కన, ముందు గోడకు ఆనించి ఒక పలకను పడుకోబెట్టండి. ఎడమ గోడ వెంట ఒకటి, వెనక గోడ వెంట ఒకటి నిలబెట్టండి. మిగతాది మీ పని.

ఇది తేలిగ్గా అనిపించిందా? అయితే గణితవేత్త జాన్ హోర్టన్ కాన్వే (1937–2020) పజిలు ప్రయత్నించండి. పెట్టె 5×5×5. ముక్కలు: 1×2×4 కొలతవి పదమూడు, 2×2×2 ఒకటి, 1×2×2 ఒకటి, 1×1×3 కడ్డీలు మూడు. రంపం పట్టే ముందు, ఆ మూడు కడ్డీలు ఎక్కడుండాలో కాగితం మీద ఆలోచించండి!