ఆయిల్ సంపులో నూనె నిలకడ: గని వాలు, రేస్ ట్రాక్ మలుపు

గోదావరిఖని ప్రాంతపు సింగరేణి ఉపరితల గనులలో డంపర్లు మట్టి, బొగ్గు బరువుతో ఏటవాలు దారులను ఎక్కుతాయి. 16 మీటర్ల నిడివికి 1 మీటరు ఎత్తు పెరిగే దారిపై వాహనం సుమారు 3.6 డిగ్రీలు వాలుతుంది. ఇంజను అడుగున గల సంపులోని నూనె ఆ మేరకు వెనుకకు జరుగుతుంది. రేస్ ట్రాక్‌పై కారు ఎదుర్కొనే సమస్య ఈ కోవకు చెందినదే. తీవ్రత మాత్రం అనేక రెట్లు అధికం.

మలుపులో పార్శ్వ త్వరణం గురుత్వ త్వరణానికి సమానమైతే నూనె మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. నూనెను పీల్చే గొట్టం మూతి బయటపడితే పంపులోకి గాలి చేరుతుంది. క్రాంక్ షాఫ్టుకు, బేరింగులకు నడుమనున్న పలుచని నూనె పొర తెగి, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. కొన్ని క్షణాలలోనే బేరింగు దెబ్బతినవచ్చు.

నూనెను అదనంగా పోయడం దీనికి సరైన పరిష్కారం కాదు. మట్టం మితిమీరితే తిరిగే క్రాంకు దానిని చిలికి నురుగుగా మారుస్తుంది. ట్రాక్‌కు అనువైన సంపులో పీల్చుగొట్టం చుట్టూ అడ్డుపలకలుంటాయి. వాటికి అమర్చిన ఒంటివైపు తలుపులు నూనెను లోపలికి రానిచ్చి, వెలుపలికి పోనీయవు. పక్కలకు విస్తరించిన అరలు మట్టం పెంచకుండానే ఎక్కువ నూనెకు చోటిస్తాయి. సంపును లోతుగా చేస్తే నేలకు తగిలే ప్రమాదముంది. పైగా పీల్చుగొట్టం పొడవును కూడా తదనుగుణంగా మార్చాలి.

కనుక సంపు ఎంపికలో పరిమాణం కంటే పీల్చుగొట్టం మూతి నిరంతరం నూనెలో మునిగి ఉండటమే ప్రధానం.