రొమాంటసీ

ప్రేమ, మాయాలోకం రెండూ సమానంగా కథ నడిపే నవలే రొమాంటసీ. సారా జె. మాస్, రెబెకా యారోస్ పుస్తకాల జోరుతో ఈ మాట 2024లో కొలిన్స్ నిఘంటువు ఎంపిక చేసిన ఆ ఏటి పదాల జాబితాకెక్కింది.

ఇలాంటి ప్రేమకథల్లో టీనేజీ పాఠకుల కోసం రాసేవాళ్లు పరలోకాన్నీ వదల్లేదు. మెగ్ క్యాబట్ ‘అబాండన్’ (2011) గ్రీకు పురాణంలోని పాతాళరాజు హేడీస్ పెర్సెఫొనీని ఎత్తుకుపోయిన కథను నేటి ఫ్లోరిడాకు తెచ్చింది. ఎత్తుకుపోయినవాడే ప్రియుడు కావడం, నిజానికి, కాస్త ఇబ్బందే.

గాబ్రియేల్ జెవిన్ ‘ఎల్స్‌వేర్’ (2005)లో ఆ చిక్కు లేదు. చనిపోయినవాళ్లు అక్కడ ఏటా ఒక ఏడు చిన్నవాళ్లవుతూ, పసికందులయ్యాక తిరిగి భూమ్మీద పుడతారు. పదిహేనేళ్లకే పోయిన కథానాయిక లిజ్ ప్రేమకు గడువు మరీ తక్కువ.