తాళము మెదడును ఏలునా?

మలక్‌పేటలో నల్గొండ చౌరస్తా నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు రోడ్డుకు రెండు ప్రక్కలా ఉన్న సందులలో ఎన్ని హాస్టళ్లున్నాయో లెక్కపెట్టడము కష్టము. మన పల్లె సంఘముల నుండి వచ్చిన పిల్లలు అనేకులు అక్కడే ఉండి గ్రూప్స్ పరీక్షలకో, పోలీసు ఉద్యోగములకో, బ్యాంకు పరీక్షలకో చదువుకొంటున్నారు. రాత్రి పది దాటిన తరువాత ఆ గదులలోనికి వెళ్లి చూడండి, చాలామంది చెవులలో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. పాటలు వింటున్నారని మనము అనుకొంటాము. కొందరు వింటున్నది పాట కాదు. తుమ్మెద రొదవలె ఎడతెగక మ్రోగే ఒక శబ్దము. ఏకాగ్రతకు ఆల్ఫా, నిద్రకు డెల్టా, జ్ఞాపకశక్తికి 40 హెర్ట్జ్ అని ఫోనులో దానికి పేర్లు. అది వింటే మెదడు చెప్పినట్లు వింటుందని, పరీక్షభయము పోతుందని ఆ పిల్లల నమ్మిక.

ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు రెండు విధములుగా అడుగుతున్నారు. "అయ్యగారూ, ఇది మంత్రము లాంటిదా? పిల్లవానికి ఏమైనా పట్టుతుందా?" అని కొందరు. "ఇది సైన్సేనట గదా, మా అమ్మాయికి కూడా పెట్టించమంటారా?" అని మరికొందరు. మొదటివారికి భయము ఎక్కువ, రెండవవారికి ఆశ ఎక్కువ. ఇద్దరికీ ఒకే మాట చెబితే సరిపోదు గనుక కొంచెము వివరముగా వ్రాస్తున్నాను.

మెదడులో విద్యుత్తు ఉన్నమాట నిజమే. 1924లో జర్మనీలోని యేనా పట్టణములో హన్స్ బెర్గర్ అను మానసిక వైద్యుడు మనిషి తలనుండి ఆ విద్యుత్తును మొదటిసారిగా గీతరూపములో రాబట్టాడు. 1929లో దానిని ప్రచురించాడు. కళ్లు మూసుకొని నిమ్మళముగా కూర్చున్న మనిషిలో ఆ గీత సెకనుకు 8 మొదలుకొని 13 సార్లు లేచి పడుతుంది. దీనినే ఆల్ఫా అంటారు. కళ్లు తెరిచి ఒక లెక్క చేయమంటే ఆ అలలు అణగిపోయి, వాటికంటె వేగమైన చిన్న అలలు వస్తాయి. గాఢనిద్రలో సెకనుకు నాలుగుకంటె తక్కువ. ఫిట్స్ వచ్చినవారికి నరాల డాక్టర్లు తలకు తీగలు అంటించి తీయించే ఈఈజీ పరీక్ష ఇదే. ఇందులో మాయ లేదు, మంత్రము లేదు. దేవుడు చేసిన గుండెకు కొట్టుకొనుట ఉన్నట్లు మెదడుకు ఈ అలలు ఉన్నవి, అంతే.

బయటి తాళమును ఈ అలలు అనుసరిస్తాయా? కొంతవరకు అనుసరిస్తాయి. 1934లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు మినుకుమినుకుమనే వెలుతురు చూపించి, మెదడులోని అలలు ఆ మినుకుల లెక్కను పట్టుకొనుట చూచారు. శబ్దము విషయములోనూ ఇటువంటి స్పందన ఉన్నది. సెకనుకు సుమారు 40 సార్లు వచ్చే ధ్వనికి అది స్పష్టముగా కనిపిస్తుందని 1981లో తేలినది. ఈ రకపు స్పందనను ఆధారము చేసుకొనే, మాటలు రాని పసిబిడ్డలకు వినికిడి ఉన్నదో లేదో పరీక్షిస్తున్నారు. అయితే ఒక సంగతి గమనించండి. ఈ పరీక్ష చేసినప్పుడు బిడ్డకు తెలివి పెరగదు, కోపము తగ్గదు. చెవిలో పడిన తాళము మెదడువరకు చేరినదని మాత్రమే దాని అర్థము. గుమ్మములో అడుగుల చప్పుడు వినిపించినంత మాత్రాన ఇల్లు వచ్చినవాని వశమైపోదు గదా!

ఇక పిల్లలు వినే శబ్దము సంగతి. మన పాత గుడులలో హార్మోనియం వాయించినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. శ్రుతి కొంచెము తప్పిన రెండు రీడ్లు కలిపి నొక్కితే ధ్వని 'వా... వా...' అని ఊగుతుంది. ఆ ఊపు, రెండు రీడ్ల మధ్యనున్న తేడా ఎంతో అంత. ఇప్పుడు ఒక చెవిలో 400, మరొక చెవిలో 410 లెక్కన రెండు ధ్వనులు విడివిడిగా వినిపించినారనుకోండి. గాలిలో అవి కలియలేదు, అయినా సెకనుకు పది ఊపులు వింటున్నట్లు తోస్తుంది. ఆ కలయిక మెదడులోనే జరుగుతున్నది. దీనికి బైనారల్ బీట్స్ అని పేరు. జర్మన్ శాస్త్రజ్ఞుడు డోవ్ 19వ శతాబ్దములోనే దీనిని గుర్తించాడు. 1973లో గెరాల్డ్ ఓస్టర్ అనే ఆయన ఒక అమెరికా సైన్సు పత్రికలో దీనిని గూర్చి వ్రాసిన తరువాత లోకమంతా ప్రాకినది. క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు ఫోను.

ఫలితము ఎంత? మెదడు నిజముగా ఈ ఊపులను పట్టుకొంటుందా అని పరిశీలించిన 14 అధ్యయనములను 2023లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూచారు. అయిదు అవునన్నట్లున్నవి, ఎనిమిది కాదన్నట్లున్నవి, ఒకటి అటూ ఇటూ కానిది. ఇటువంటిదానిని రుజువైనదని అమ్ముట న్యాయము కాదు. అయితే ఉపశమనము బొత్తిగా లేదని కూడా నేననను. 2005లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనము ఉన్నది. ఆపరేషనుకు ముందు ఈ ధ్వని విన్న రోగులలో ఆందోళన 26.3 శాతము తగ్గినది. ఈ ధ్వని కలపని సంగీతమే విన్నవారిలో 11.1 శాతము, ఏమీ విననివారిలో 3.8 శాతము. ఆపరేషను గది బయట బల్లమీద పడుకొన్నవానికి అదీ మేలే. కాని ఆందోళన తగ్గుట వేరు, జబ్బు నయమగుట వేరు, పాఠము తలకెక్కుట వేరు.

డప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకనగా మనవారి అసలు భయము అక్కడే ఉన్నది. ఈ పట్టణములో తాళము వినిపించని నెల లేదు. బార్కాస్‌లోని అరబ్బు కుటుంబములు, ఏ.సీ. గార్డ్స్‌లోని సిద్దీలు తెచ్చిన మర్ఫా పెండ్లి ఊరేగింపులలో మ్రోగుతుంది. మొహర్రము పదవ దినమున దబీర్‌పురా నుండి మా ప్రక్కనే ఉన్న చాదర్‌ఘాట్ వరకు బీబీ కా ఆలం ఊరేగింపు సాగేటప్పుడు వేలమంది ఒక్క లయలో గుండెలు బాదుకొంటారు. ఆషాఢములో బోనాల డప్పులు. డప్పు వేగము పెరిగేకొలది పూనకము వచ్చినవారిని మన పల్లెలలో అందరమూ చూచినవారమే. 1961లో ఆండ్రూ నెహర్ అనే అమెరికా పరిశోధకుడు సెకనుకు 3, 4, 6, 8 దెబ్బల లెక్కన డప్పుధ్వని వినిపించి, మెదడు గీతలు దానిని అనుసరించినవని వ్రాశాడు. మరుసటి సంవత్సరము, డప్పుల పూనకమునకు కారణము ఇదేనన్నాడు. కాని 1980లో ఫ్రెంచి పండితుడు గిల్బర్ట్ రూజే దీనిని ఒప్పుకొనలేదు. ఆయన వాదన మన పల్లె మనిషికి వెంటనే అందుతుంది. అందరికంటె దగ్గరగా, అందరికంటె ఎక్కువసేపు డప్పు వినేది డప్పు కొట్టేవాడు. సాధారణముగా పూనకము అతనికి రాదు. ఎవరు ఎదురుచూస్తారో, ఎవరి నమ్మిక ఆ వైపు ఉంటుందో వారికి వస్తుంది. తాళము త్రోవ ఇస్తుంది, మనస్సు నడుస్తుంది.

మన పితరులకు డప్పుతో పాత లెక్క ఒకటి ఉన్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అధికులు మాదిగలు, ఊరి జాతరలలో డప్పు కొట్టుట ఎవరి విధియో వారు. ఒంగోలు ప్రాంతమందు విశ్వాసములోనికి వచ్చినవారు ఇక జాతర డప్పు కొట్టమన్నందుకు ఊరి పెద్దలవలన బాధలు పడ్డారు. వారు డప్పును విడిచినది అది మెదడును చెరుపుతుందని కాదు. తమ చేతులు ఎవరి సేవకు అన్న ప్రశ్న వారికి ముఖ్యమైనది. ఈనాడు అదే డప్పును క్రిస్మసు రాత్రి గుడిముందు మన యౌవనులు కొడుతుంటే పెద్దలు కొందరు ముఖము చిట్లిస్తారు. మేకతోలు, చెక్క చట్రము, రెండు పుల్లలు. అందులో దయ్యము కూర్చుండుటకు చోటెక్కడిది?

నాకు భయము వేరొక చోట ఉన్నది. ఉజ్జీవ కూటములలో అర్ధరాత్రివేళ, కీబోర్డుమీద ఒకే స్వరము పట్టుకొని, ఒకే పాదమును నలభైసార్లు పాడించి, లైట్లు తగ్గించి, చేతులు వణికిన ప్రతివానిమీదను ఆత్మ దిగినదని ప్రకటించు అలవాటు పెరిగినది. జనము కలిసి పాడితే శరీరములు కలియుట సహజము. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పడుచువారిచేత కలిసి పాడించి చూచినప్పుడు, ఊపిరి ఒక్క లయకు వచ్చి గుండె వేగములు కూడా కలిసి హెచ్చి తగ్గినవి. ఇది దేవుడు పెట్టిన ఏర్పాటే. అయితే ఇది భజనలోనూ జరుగుతుంది, ఫుట్‌బాల్ ఆటలోనూ జరుగుతుంది. దీనిని పరిశుద్ధాత్మ అని పిలుచుట ఆయనను తక్కువ చేయుటయే. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు ఉదయము మొదలు అరచి గంతులు వేశారు, జవాబు రాలేదు. ఏలీయా చేసిన ప్రార్థన చదువుటకు ఒక నిమిషము పట్టదు (1 రాజులు 18).

వాద్యమును దేవుని వాక్యము త్రోసివేయలేదు. ఎలీషా వీణ వాయించువానిని పిలిపించుకొన్నాడు (2 రాజులు 3:15). సౌలు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయిస్తే ఆయనకు నెమ్మది కలిగినది (1 సమూ. 16:23). ఇంతవరకు మనము తరచుగా ప్రసంగిస్తాము. రెండు అధ్యాయముల తరువాత ఏమి జరిగినదో అంతగా ప్రసంగించము. అదే సౌలు, అదే వాయించువాడు, అదే చేయి. దావీదు వాయిస్తూ ఉండగానే సౌలు ఈటె విసిరాడు (18:10, 11). పందొమ్మిదవ అధ్యాయములో మరల విసిరాడు. ఏమి మారినది? సౌలు హృదయములో అసూయ చేరినది. స్త్రీలు పాడిన పాట ఒకటి ఆయన చెవిలో నిలిచిపోయినది. సితారా నెమ్మదినిచ్చినది గాని, ఆ అసూయను తీసివేయుట దాని పని కాదు.

ఇది కేవలము బైబిలు పాఠముగా చెప్పుట లేదు. నిరుడు నల్గొండ జిల్లానుండి ఒక తల్లి వచ్చినది. ఆమె కుమారుడు ఇక్కడి హాస్టలులో ఉండి చదువుకొంటున్నాడు, చిన్ననాటినుండి ఫిట్స్ మాత్రలు వేసుకొంటున్నాడు. ఫలానా తరంగములు రోజుకు గంటసేపు వింటే మాత్రలు అక్కరలేదని ఎవరో వీడియోలో చెప్పగా, మూడు వారములు మానివేశాడు. మూసారాంబాగ్ బస్‌స్టాప్ దగ్గర పడిపోయాడు. తలకు కుట్లు పడ్డాయి. "పాట వింటే తప్పేముందయ్యగారూ?" అని ఆమె ఏడ్చినది. "వినడములో తప్పు లేదమ్మా, మాత్ర మానడములోనే ప్రమాదము" అన్నాను.

ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణముమీదికి రావచ్చును. తగ్గించుట గాని మానుట గాని డాక్టరే చెప్పాలి. ప్రార్థన చేసిన పాస్టరు చెప్పినా సరే, డాక్టరు చెప్పేవరకు మానవద్దు. మరొక సంగతి. ఇటువంటి వీడియోలు కొన్నింటిలో వెలుతురు వేగముగా మినుకుమంటుంది. 1997 డిసెంబరు 16న జపానులో ఒక బొమ్మల కార్యక్రమములో ఎరుపు, నీలము వెలుగులు సెకనుకు సుమారు 12 సార్లు మెరిసినందుకు దాదాపు 685 మంది పిల్లలను ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చినది. ఫిట్స్ ఉన్న పిల్లలను అటువంటివి చూడనీయకండి. మిగిలిన పిల్లలు నిద్రకు ముందు ఒక మెల్లని ధ్వని వింటే వారిని తిట్టనక్కరలేదు. శబ్దము మాత్రము తగ్గించి పెట్టుకోవాలి. 80 డెసిబెల్స్ అయితే వారమునకు 40 గంటలు, 90 అయితే నాలుగే గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది.

తాళము వలన రుజువైన మేలు ఒకటి ఉన్నది. దానిని గూర్చి ఎవరూ వీడియోలో గొప్పలు చెప్పరు గనుక నేను చెబుతాను. వణుకుడు జబ్బు, అనగా పార్కిన్సన్ జబ్బు ఉన్న పెద్దలు అడుగు తీసి అడుగు వేయలేక నిలిచిపోతారు. మైఖేల్ థాట్ అనే ఆయన, తోటివారు 1996లో ఇటువంటివారిని తాళమునకు నడిపించి, నడక వేగము పెరిగినట్లు, అడుగు పొడవైనట్లు చూపించారు. పక్షవాతము వచ్చినవారికీ ఈ పద్ధతి వాడుతున్నారు. ఇంటిలో అటువంటి తాతగారు గాని నాయనమ్మ గాని ఉంటే ఫిజియోథెరపిస్టును అడగండి. మొదట వారు మామూలుగా నిమిషమునకు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి, ఆ లెక్కకు సరిపోయే తాళముగల కీర్తన ఏరుకొని, చప్పట్లు కొడుతూ ప్రక్కన నడవాలి. కొన్ని దినములు గడిచిన తరువాత తాళమును కొంచెము పెంచాలి. గుమ్మము దగ్గర, మలుపు తిరిగే చోట వారి కాళ్లు నేలకు అంటుకుపోయినట్లవుతాయి. అక్కడ పాట ఆపవద్దు.